పరిశోధన రియాక్టర్‌కు ఏ ఇంధనం: పలకా, కడ్డీనా, గొట్టమా?

యురేనియం అనే మాట నల్లగొండ వాళ్లకు కొత్త కాదు. లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో నిక్షేపాలు ఉన్నాయని, అటు అమ్రాబాద్ అడవిలో అన్వేషణ చేస్తామని ఏళ్ల తరబడి విన్నాం. నల్లమలలో తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబర్‌లో రాష్ట్ర అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. గని గురించి ఇంత మాట్లాడుకున్నాం గానీ, ఆ యురేనియం చివరికి రియాక్టర్‌లో ఏ రూపంలో కూర్చుంటుందో తెలుగులో రాసింది చాలా తక్కువ. నేను డిగ్రీ, పీజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. సెమినార్‌కో, ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం ట్రైనింగ్ స్కూల్ ఇంటర్వ్యూకో తయారయ్యేవాళ్లు ఎప్పుడూ అడిగేది ఇదే: "పరిశోధన రియాక్టర్ డిజైన్ చేయమంటే ఏ ఫ్యూయల్ ఎలిమెంట్ తీసుకోవాలి సార్? ఏది బెస్ట్?"

అట్లా అడిగితే జవాబు చెప్పలేం. ఎన్ని మెగావాట్లు, ఏ పనికి, ఇంధనం ఎవరు చేసిస్తారు, వాడేసిన ఇంధనం ఎక్కడ పెడతారు? ఈ నాలుగూ తేలితే ఎంపిక సగానికి పైగా అయిపోయినట్టే. పిల్లలు మొదటి రెండే చూసి సెమినార్‌కు వస్తారు. నన్నడిగితే చాలాసార్లు తీర్పు చెప్పేవి చివరి రెండే.

మౌలాలి దగ్గర తయారయ్యే ఇంధనం ఇక్కడ ఎందుకు పనికిరాదు

హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ మనకు దగ్గర్లోనే ఉంది కాబట్టి పిల్లల ఆలోచన ముందుగా అటే పోతుంది. అక్కడ తయారయ్యేది విద్యుత్ రియాక్టర్ల ఇంధనం. జిర్కోనియం మిశ్రమంతో చేసిన సన్నటి గొట్టాల్లో యురేనియం ఆక్సైడ్ బిళ్లలు నింపి, అలాంటి గొట్టాలు 19 కలిపి ఒక కట్టగా చేస్తారు. పెద్ద రియాక్టర్లకైతే 37. విద్యుత్ రియాక్టర్‌కు కావాల్సింది వేడి. నీళ్లు 300 డిగ్రీల దాకా వేడెక్కాలి, ఆవిరి రావాలి, టర్బైన్ తిరగాలి. ఆ వేడికి, ఆ ఒత్తిడికి తట్టుకునేది ఆ సిరామిక్ బిళ్ల, ఆ జిర్కోనియం తొడుగు.

పరిశోధన రియాక్టర్‌లో వేడి అక్కరలేని సరుకు, వదిలించుకోవాల్సిన సరుకు. కావాల్సింది న్యూట్రాన్లు. చిన్న చోట ఎక్కువ విచ్ఛిత్తి (యురేనియం కేంద్రకం పగలడం) జరిగితేనే న్యూట్రాన్ ఫ్లక్స్, అంటే ఒక చదరపు సెంటీమీటర్ గుండా సెకనుకు పోయే న్యూట్రాన్ల సంఖ్య, పెరుగుతుంది, దాంతోపాటే ఆ చిన్న చోట పుట్టే వేడిని వెంటనే లాగేయాలి. నీళ్లు మరగాల్సిన పని లేదు, కాబట్టి అల్యూమినియం తొడుగు సరిపోతుంది. అది వేడిని బాగా పంపుతుంది, న్యూట్రాన్లను తక్కువగా మింగుతుంది, ధర కూడా తక్కువ. 660 డిగ్రీలకే కరిగిపోతుందన్న భయం ఉన్నా, తొడుగు మామూలుగా దానికి చాలా కిందే ఉంటుంది.

ఇక ఆకారం. దీన్ని పిల్లల చేత లెక్క కట్టిస్తాను, ఎందుకంటే ఈ ఒక్క లెక్కతో సగం విషయం అర్థమవుతుంది. 12.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కడ్డీ తీసుకోండి. ఒక ఘన సెంటీమీటర్ కడ్డీకి నీటిని తాకే ఉపరితలం సుమారు 3.15 చదరపు సెంటీమీటర్లు. 1.27 మిల్లీమీటర్ల మందం ఉన్న పలకకు అదే లెక్క వేస్తే 15.7 వస్తుంది. అంటే అదే పరిమాణానికి ఐదింతల ఉపరితలం. అధిక ఫ్లక్స్ రియాక్టర్లు చాలావరకు పలకల వైపు ఎందుకు పోయాయో ఈ లెక్కే చెబుతుంది.

పలక

పలక ఇంధనం పుట్టింది అమెరికాలో, పదార్థాల పరీక్షల కోసం కట్టిన రియాక్టర్లలో. భారతదేశానికి మొదట వచ్చిందీ అదే. ట్రాంబేలో 1956 ఆగస్టు 4న నడక మొదలుపెట్టిన అప్సరలో వాడింది బ్రిటన్ ఇచ్చిన యురేనియం-అల్యూమినియం పలకలు. అప్సరను 2009లో ఆపేశారు. దాని చోట 2018 సెప్టెంబర్ 10న మొదలైన అప్సర-యు 2 మెగావాట్ల రియాక్టర్. దాని ఇంధనం ఇక్కడే చేసిన యురేనియం సిలిసైడ్ పలకలు, తక్కువ ఎన్‌రిచ్‌మెంట్‌వి, అంటే యురేనియంలో తేలిగ్గా విచ్ఛిత్తి చెందే 235 రకం వాటాను కొంతవరకే పెంచినవి. కల్పాక్కంలోని 30 కిలోవాట్ల కామినిలోనూ పలకలే. అయితే వాటిలో ఉన్నది థోరియం నుంచి వచ్చిన యురేనియం-233.

పలక తయారీని దగ్గరగా చూడాలి, ఎందుకంటే దాని బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి. యురేనియం సిలిసైడ్ పొడిని, అల్యూమినియం పొడిని కలిపి ప్రెస్‌లో దిమ్మగా నొక్కుతారు. ఆ దిమ్మను అల్యూమినియం చట్రంలో బిగించి, పైనా కిందా అల్యూమినియం రేకులు పెట్టి, అంచులు వెల్డ్ చేస్తారు. తర్వాత వేడి మీద రోలర్ల మధ్య చాలాసార్లు నడిపి, చివర్లో చల్లగా ఇంకోసారి నడుపుతారు. మనింట్లో భక్ష్యాలు చేసేటప్పుడు పిండిలో పూర్ణం పెట్టి ఒత్తినట్టే. పూర్ణం సమంగా పరుచుకుంటే మంచిది. అంచు దగ్గర ముద్దకట్టిందంటే పైపొర పలచబడి చిరుగుతుంది. ఇక్కడా అదే ప్రమాదం ఉంది. రోలింగ్‌లో ఇంధన భాగం రెండు కొసల దగ్గర ఉబ్బెత్తుగా తయారవుతుంది. దాన్ని డాగ్ బోనింగ్ అంటారు. అక్కడ యురేనియం ఎక్కువ, తొడుగు తక్కువ. వేడి ఎక్కువ పుట్టేదీ, రక్షణ తక్కువగా ఉండేదీ ఒకే చోట అయిపోతుంది.

తొడుగు మందం ఒక్కో వైపు అర మిల్లీమీటర్ కూడా ఉండదు, మామూలుగా 0.38 దగ్గర. ఆ పలచని పొరే విచ్ఛిత్తి శకలాలకూ నీళ్లకూ మధ్య ఉన్న గోడ. అందుకే ఒక్కో పలకను ఎక్స్‌రే తీసి యురేనియం సమంగా పరుచుకుందా అని చూస్తారు. అల్ట్రాసోనిక్‌తో తొడుగు, ఇంధనం బాగా అతుక్కున్నాయా అని చూస్తారు. తర్వాత కొలిమిలో 400 డిగ్రీలు దాటేలా వేడి చేసి, ఎక్కడైనా బొబ్బ లేస్తుందా అని చూస్తారు. అతుకు సరిగా పడని చోట చిక్కుకున్న వాయువు ఉబ్బి బయటపడుతుంది. ఈ బొబ్బ పరీక్షలో తప్పిన పలకను పక్కన పడేయడమే, సరిచేసుకునే దారి లేదు. మీ డిజైన్‌లో పలకలు ఎంచుకుంటే, ఈ పరీక్షలన్నీ చేయగల వర్క్‌షాప్ ఎక్కడుందో కూడా రాయండి. అది లేని డిజైన్‌ను నేను పూర్తి డిజైన్‌గా లెక్కపెట్టను.

పలకకు రెండో బలహీనత నీటి సందు. పలకకూ పలకకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది. ఒక్క సందు మూసుకుపోయినా ఆ పక్క పలకల వేడి పోయే దారి ఉండదు. 1961లో అమెరికాలోని ఇడహోలో ఇంజినీరింగ్ టెస్ట్ రియాక్టర్‌లో జరిగింది ఇదే. నీళ్లలోపలికి చూడటానికి వాడిన ఒక ప్లాస్టిక్ పెట్టెను ట్యాంకులో మరిచిపోయారు. అది ప్రవాహంతో ఇంధనం మీదికి చేరి కొన్ని ఎలిమెంట్ల (పలకలను వరసగా బిగించిన కట్టల) సందులను మూసేసింది, కొన్ని పలకలు కరిగాయి. పలక రియాక్టర్ నడిపేవాళ్లు పూల్ (ఇంధనం మునిగి ఉండే కొలను) పక్కకు వచ్చేవాళ్ల జేబుల్లోని పెన్నులతో సహా లెక్క చూడటం వెనక ఇలాంటి అనుభవాలు ఉన్నాయి.

ప్రవాహ వేగం బాగా పెంచితే సాదా పలక వంగుతుంది, పక్క సందు ఇరుకవుతుంది. అందుకే చాలా ఎలిమెంట్లలో పలకలకు కొంచెం వంపు ఇస్తారు. వంగినా ఒకే దిక్కుకు వంగుతాయి. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో 1965 నుంచి నడుస్తున్న అధిక ఫ్లక్స్ రియాక్టర్‌లో పలకలను ఇన్వల్యూట్ వక్రంలో వంచారు. లోపలి వలయంలో 171, బయటి వలయంలో 369 పలకలు. వలయంలో ఏ చోట కొలిచినా సందు ఒకే వెడల్పు ఉండేట్టు చేసే వక్రం అది. జ్యామితి ఇంత అందంగా పనికొచ్చిన చోటు నాకు ఇంకోటి గుర్తుకు రాదు. కానీ 2 మెగావాట్ల రియాక్టర్‌కు అంత పనితనం అక్కరలేదు. 85 మెగావాట్లను చిన్న వలయంలో ఇరికించాల్సి వచ్చింది కాబట్టి వాళ్లకు అది తప్పలేదు.

పలక లోపల ఏం నింపాలి

పాత పలకల్లో 90 శాతం దాటిన ఎన్‌రిచ్‌మెంట్ ఉండేది. అది బాంబుకూ పనికొస్తుంది కాబట్టి 1978లో అమెరికా ఇంధన శాఖ దాన్ని 20 శాతం కిందికి దించే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇక్కడ చిక్కేమిటంటే, 93 శాతం ఉన్నది 19.75కు దిగితే అదే యురేనియం-235 కోసం 4.7 రెట్లు యురేనియం నింపాలి. పైగా యురేనియం-238 న్యూట్రాన్లను మింగుతుంది కాబట్టి ఇంకాస్త కలపాలి. పలక సైజు పెంచలేం, పెంచితే రియాక్టర్ మొత్తం మార్చాలి. కాబట్టి అదే చోట ఎక్కువ యురేనియం కూరాలి.

ఎంత కూరగలం అన్నదే పదార్థాల మధ్య పోటీ. యురేనియం అల్యూమినైడ్‌తో ఘన సెంటీమీటర్‌కు సుమారు 2.3 గ్రాముల యురేనియం దాకా పోవచ్చు. ఆక్సైడ్‌తో 3.2. సిలిసైడ్‌తో 4.8. ఈ 4.8కు అమెరికా అణు నియంత్రణ సంస్థ 1988లో ఆమోదం ఇచ్చింది. అప్పటి నుంచి లోకమంతా వాడి చూసిన ఇంధనం ఇది. యురేనియం-మాలిబ్డినం పొడితో 8 దాకా, ఏకరేకుగా చేస్తే 15 పైన పోవచ్చు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ పొడి అల్యూమినియంతో కలిసిపోయి మధ్యలో కొత్త పొర పుడుతుంది, ఎక్కువ బర్నప్‌లో, అంటే ఇంధనం బాగా ఖర్చయ్యాక, ఆ పొరలో వాయువులు చేరి పలక ఒక్కసారిగా ఉబ్బుతుంది. అల్యూమినియంలో సిలికాన్ కలిపి, రేణువులకు పూత పూసి దాన్ని అదుపులోకి తేవడానికి ఏళ్ల తరబడి పని జరిగింది. అంత సాంద్రత నిజంగా అవసరమైనవి కొన్ని అధిక ఫ్లక్స్ రియాక్టర్లే. సెమినార్లలో పిల్లలు కొత్తది కదా అని మాలిబ్డినం ఎంచుకుని వస్తారు. 2 మెగావాట్లకు సిలిసైడే తీసుకోండి. దానివల్ల వచ్చే లాభాన్ని చాలామంది చెప్పరు: తక్కువ ఎన్‌రిచ్‌మెంట్ అంటే యురేనియం-238 ఎక్కువ. ఇంధనం వేడెక్కగానే అది ఇంకా ఎక్కువ న్యూట్రాన్లను పట్టుకుని చర్యను తగ్గిస్తుంది. 93 శాతం ఇంధనానికి ఈ డాప్లర్ రక్షణ దాదాపు లేదు.

ట్రైగా కడ్డీ

భద్రత ఒక్కటే చూస్తే నా ఓటు దీనికే. 1950ల చివర్లో జనరల్ అటామిక్ సంస్థలో తయారైన ఈ ఇంధనంలో యురేనియం, జిర్కోనియం హైడ్రైడ్ కలిసి ఉంటాయి. సుమారు మూడున్నర సెంటీమీటర్లు దాటిన లావు కడ్డీ, ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగు. మామూలు రకంలో బరువులో 8.5 శాతం యురేనియం.

ఇందులో తెలివంతా హైడ్రోజన్‌లో ఉంది. న్యూట్రాన్లను నెమ్మదింపజేసే హైడ్రోజన్‌ను నీళ్లలోనే కాకుండా ఇంధనం లోపల కూడా పెట్టారు. కడ్డీ వేడెక్కితే అందులోని హైడ్రోజన్ పరమాణువులు గట్టిగా కంపిస్తాయి, తాకిన న్యూట్రాన్లకు శక్తిని తిరిగి ఇస్తాయి. వేగం పుంజుకున్న న్యూట్రాన్లు విచ్ఛిత్తి సరిగా చేయలేవు. దీనికి నీళ్లు వేడెక్కే దాకా ఆగాల్సిన పని లేదు, ఇంధనం వేడెక్కిన క్షణంలోనే, మిల్లీసెకన్లలో జరిగిపోతుంది. అందుకే ట్రైగాలో నియంత్రణ కడ్డీని (న్యూట్రాన్లను మింగి చర్యను అదుపులో పెట్టేదాన్ని) ఒక్కసారిగా బయటికి తీసి, శక్తిని వందల, వేల మెగావాట్లకు ఎగరేసి, దానంతట అది పడిపోయేలా నడపడం మామూలు ప్రయోగం. పలక రియాక్టర్‌తో ఆ పని చేయకూడదు.

మెగావాట్ వరకూ పంపు లేకుండా, వేడి నీళ్లు పైకి లేచే సహజ ప్రవాహంతోనే చల్లబడుతుంది. చాలా యూనివర్సిటీల్లో ఒకసారి వేసిన ఇంధనంతో దశాబ్దాలు నడిపారు. బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర సావర్‌లో 3 మెగావాట్ల ట్రైగా ఉంది.

అయితే మన దేశంలో ట్రైగా లేదు. ఇంధనం తయారీ ప్రపంచంలో ఫ్రాన్స్‌లో ఒక్క చోటికే పరిమితమై, అక్కడ కూడా కొన్నేళ్లు ఆగి మళ్లీ మొదలైంది. ఒకే దుకాణం మీద ఆధారపడి నలభై ఏళ్లు నడవాల్సిన యంత్రం కట్టడం పెద్ద టెన్షన్. ఇంకోటి, కడ్డీ లావు కాబట్టి మెగావాట్లు పెంచుకుంటూ పోలేరు, ఫ్లక్స్ ఒక హద్దు దాటదు. చదువు చెప్పడానికి, యాక్టివేషన్ అనాలిసిస్‌కు (న్యూట్రాన్లు తగిలించి నమూనాలో ఏ మూలకాలున్నాయో కనిపెట్టడానికి), చిన్నపాటి ఐసోటోపులకు బంగారం లాంటి ఇంధనం. పదార్థాల పరీక్షకు చాలదు.

సహజ యురేనియం కడ్డీ

ఒకసారి దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి క్లాసులో అడిగింది. "సార్, మా పెద్దగట్టు యురేనియం ఇట్లనే తీస్కపోయి రియాక్టర్ల పెడితే నడుస్తదా?" "నడుస్తది బిడ్డా, భారజలం ఉంటే" అన్నాను. నిజంగానే అది చాలా మంచి ప్రశ్న.

సహజ యురేనియంలో 235 రకం 0.7 శాతమే. మామూలు నీళ్లు న్యూట్రాన్లను కొంత మింగేస్తాయి, అంత తక్కువ 235తో గొలుసు చర్య నిలబడదు. భారజలం (మామూలు హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం ఉన్న నీళ్లు) మింగడం చాలా తక్కువ కాబట్టి నిలబడుతుంది. మన దేశం ఈ దారినే పట్టింది. 1960లో మొదలై 2010 చివరి దాకా నడిచిన 40 మెగావాట్ల సైరస్, 1985 ఆగస్టు 8న మొదలైన 100 మెగావాట్ల ధ్రువ, రెండూ సహజ యురేనియం లోహం కడ్డీలతోనే. ఎన్‌రిచ్‌మెంట్ ప్లాంట్ కోసం ఎవరి దగ్గరా చేయి చాపాల్సిన పని లేదు. భారజలం మన రాష్ట్రంలోనే మణుగూరులో తయారవుతుంది.

కష్టాలు వేరే ఉన్నాయి. యురేనియం లోహం స్ఫటికాలు అన్ని దిక్కులకూ ఒకేలా పెరగవు. రేడియేషన్‌లో ఒక దిక్కు సాగి, ఇంకో దిక్కు కుంచించుకుపోతాయి. కడ్డీని 668 డిగ్రీలు దాటించి బీటా దశకు తీసుకెళ్లి, వెంటనే చల్లార్చి స్ఫటికాల దిశలను చెదరగొడితే గానీ అది తిన్నగా ఉండదు. తొడుగుకు చిల్లి పడితే నీళ్లు తగిలి లోహం తుప్పు పట్టి ఉబ్బుతుంది, చిల్లి ఇంకా పెద్దదవుతుంది. 235 తక్కువ కాబట్టి బర్నప్ తక్కువ, ఇంధనం తరచుగా మార్చాలి, వాడేసిన ఇంధనం కుప్ప పెద్దది.

ధ్రువ మొదటి రోజుల కథ ప్రతి డిజైన్ విద్యార్థీ తెలుసుకోవాలి. ఏడు కడ్డీల గుత్తులుగా ఉన్న ఆ ఇంధనం, కూలెంట్ (చల్లబరిచే ద్రవం) వేగానికి అనుకున్నదానికంటే ఎక్కువగా కంపించింది. అల్యూమినియం తొడుగు అరిగి యురేనియం కూలెంట్‌లో కలిసింది. ఇంజినీర్లు గుత్తి నిర్మాణాన్ని మార్చి కంపనం ఆపాక 1988లో గానీ రియాక్టర్ పూర్తి శక్తికి చేరలేదు. న్యూట్రాన్ లెక్కలన్నీ సరిగ్గా ఉన్నా, నీళ్ల ఊపుకు కడ్డీ ఎట్లా వణుకుతుందో చూడకపోతే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. గుత్తి కడ్డీ ఎంచుకుంటే, నిజమైన ప్రవాహ వేగంతో బయట లూప్‌లో (నీళ్లు తిప్పే గొట్టాల వలయంలో) కంపన పరీక్ష చేశాకే కోర్‌లోకి (రియాక్టర్‌లో ఇంధనం ఉండే నడిభాగంలోకి) పంపుతామని మీ రిపోర్ట్‌లో రాయండి.

గొట్టాలు

రష్యా పద్ధతిలో ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు వాడతారు, మధ్యలో నీళ్లు. చుట్టూ మూసుకుని ఉంటాయి కాబట్టి పలకల్లా తేలిగ్గా వంగవు, రెండు వైపులా చల్లబడతాయి. పాత సోవియట్ రియాక్టర్లున్న దేశాలకు అది సహజమైన ఎంపిక. కొత్తగా మొదలుపెట్టే వాళ్లకు గొట్టంలో ఇంధనాన్ని ఒకేసారి సాగదీసే ఎక్స్‌ట్రూషన్ యంత్రాలు, లోపలి తొడుగు తనిఖీ పరికరాలు కావాలి. మన దగ్గర పలక తయారీ ఇప్పటికే ఉన్నప్పుడు ఆ ఖర్చు పెట్టడానికి నాకు కారణం కనబడటం లేదు.

అయితే ఏది తీసుకోవాలి

దక్షిణ తెలంగాణలో ఏదైనా యూనివర్సిటీకి 2 మెగావాట్ల రియాక్టర్ అనుకుని డిజైన్ చేస్తే, నా ఎంపిక తక్కువ ఎన్‌రిచ్‌మెంట్ సిలిసైడ్ పలకలు, చుట్టూ బెరిలియం ఆక్సైడ్ రిఫ్లెక్టర్ (బయటికి పోయే న్యూట్రాన్లను వెనక్కి తిప్పే పొర). అప్సర-యులో సరిగ్గా ఈ పొందికతోనే 2 మెగావాట్లకు చదరపు సెంటీమీటర్‌కు సెకనుకు 6.1×10¹³ న్యూట్రాన్ల ఫ్లక్స్ వచ్చింది. ధ్రువ 100 మెగావాట్లతో ఇచ్చేది 1.8×10¹⁴. యాభై రెట్లు తక్కువ శక్తితో మూడో వంతు ఫ్లక్స్! చిన్న కోర్ వల్ల, పలకల వల్ల సాధ్యమైంది. కానీ పెద్దమొత్తంలో ఐసోటోపులు కావాలంటే ధ్రువ లాంటి పెద్ద కోరే మేలు, ఎందుకంటే అందులో నమూనాలు పెట్టడానికి చోటు చాలా ఎక్కువ. థైరాయిడ్ చికిత్సకు మన జిల్లాల నుంచి హైదరాబాద్ పోయేవాళ్లకు ఇచ్చే అయోడిన్-131 సగం జీవితకాలం 8 రోజులే. నిల్వ చేసి పెట్టుకునే సరుకు కాదు, ఎప్పటికప్పుడు తయారవుతూ ఉండాలి.

100, 200 కిలోవాట్ల బోధన రియాక్టర్ అయితే, సరఫరా ఒప్పందం నలభై ఏళ్లకు రాసివ్వగలిగితే ట్రైగా. ఇవ్వలేకపోతే అక్కడా సిలిసైడ్ పలకలే.

ఏది ఎంచుకున్నా నల్లగొండలో ముందుగా లెక్క వేయాల్సింది నీళ్లను. మన బోరు నీళ్ల సంగతి ఫ్లోరోసిస్ చూసిన ఏ ఊరినడిగినా చెబుతుంది. అల్యూమినియం తొడుగు ఉన్న ఇంధనానికి పూల్ నీళ్ల విద్యుత్ వాహకత సెంటీమీటర్‌కు 1 మైక్రోసీమెన్స్ దగ్గరే ఉండాలి, బోరు నీళ్లలో అది వందల్లో ఉంటుంది, కొన్ని చోట్ల వేలల్లో. క్లోరైడ్ కొంచెం మిగిలినా అల్యూమినియం మీద సూది మొన లాంటి గుంటలు పడతాయి. స్టీల్ ర్యాక్‌కు ఆనుకుని ఉన్న చోట ఇంకా తొందరగా పడతాయి. కోర్‌లో ఇంధనం ఉండేది కొన్నేళ్లే. వాడేసి తీశాక నిల్వ కొలనులో ఇరవై, ముప్పై ఏళ్లు కూర్చోవాల్సి రావచ్చు, కోర్ నీళ్ల మీద ఉన్న శ్రద్ధ అక్కడికొచ్చేసరికి సడలిపోతుంది. నీటిశుద్ధి ప్లాంట్‌కు, నిల్వ కొలనులో తుప్పు గమనించడానికి వేలాడదీసే అల్యూమినియం ముక్కలకు, ప్రతి నెలా క్లోరైడ్ పరీక్షకు బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు పెట్టండి. ఆ పద్దు ఎంతో తేలాకే ఇంధనం సాంద్రత 4.8 పెట్టాలా, ఇంకా తక్కువ పెట్టాలా అన్న లెక్కలోకి దిగండి.